మేనత్త చచ్చే సీను

ఆదివారం మ్యాట్నీకి తానూ వస్తానని అక్క ఫోన్ చేసినప్పుడు చప్పుళ్ళ మాస్టారు వరసగా మూడు సాకులు చెప్పాడు. టికెట్లు అయిపోయాయన్నాడు. హాల్లో కుర్చీలు విరిగిపోయాయన్నాడు. అది పెద్దవాళ్ళు చూడాల్సిన సినిమా కాదని, చూస్తే బీపీ పెరుగుతుందని అన్నాడు.

"బీపీ ఉన్నది మీ బావకి, నాక్కాదు. ఆయన్ని తీసుకురానులే," అంది అక్క. "పేపర్లో నీ ఫోటో వేశారు. సినిమా అయ్యాక స్టేజీ ఎక్కించి నీ చేత మాట్లాడిస్తారట కదా. నా తమ్ముడు స్టేజీ ఎక్కుతుంటే నేను ఇంట్లో కూర్చుని బట్టలు మడత పెట్టుకోవాలా?"

ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ఆ పైన ఆరేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ ప్రశ్నలకు ఎవరూ జవాబు చెప్పరు. లేచి నిలబడతారు, అంతే. యాభై ఏళ్ళ తమ్ముడు కూడా ఫోన్ చెవికి పెట్టుకుని, తనకు తెలియకుండానే, మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

మాస్టారి పని సినిమాలకు చప్పుళ్ళు చేయడం. స్టూడియో కింది అంతస్తులో ఆయనకు కిటికీ లేని గది ఒకటుంది. ట్రేల నిండా కంకర, ఇసుక, ఎండుటాకులు. ఏ గోడకూ బిగించని ఏడు తలుపులు. ఆడా మగా తేడా లేకుండా నలభై జతల చెప్పులు. తెర మీద నడిచేది హీరో అయినా హీరోయిన్ అయినా వినిపించేవి ఈయన అడుగులే. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పనికి ఎంత మంచి పేరుందో ఆయన నోటికి అంత చెడ్డ పేరుంది. ఫలానా హీరో నడుస్తుంటే ఖాళీ డబ్బా దొర్లుతున్నట్టుందని, ఆ హీరో గదిలో ఉండగానే అన్నాడు. ఆ హీరోకి అర్థం కాలేదు కాబట్టి ఉద్యోగం మిగిలింది.

పేపర్లో పడ్డ సినిమా పేరు 'అందరూ రావాలి'. మూడేళ్ళ కిందట ఏడాది చివరి సెలవులకు విడుదలైంది. కథ గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. సెలవులకని కొండ మీది ఇంట్లో ఒక కుటుంబం పోగవుతుంది. బహుమతులు చుట్టే రంగుకాగితం మొహానికి చుట్టుకున్న హంతకుడొకడు ఆ ఇంటికొస్తాడు. పనికిమాలిన జోకులేసే బాబాయి మొదట పోతాడు. ఇంటి పెద్ద కూతురు తన స్నేహితురాలిని వెంట తెచ్చుకుంటుంది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో ఆ ఇంట్లో అందరికీ అర్థమవుతూనే ఉంటుంది, ఒక్కరూ పైకి అనరు. మేనత్త అందరినీ వరసలో నిలబెట్టి, ఆ స్నేహితురాలి చేతికి కెమెరా ఇచ్చి, నవ్వుతూ, "నువ్వు బాగా తీస్తావుగా, నువ్వే తియ్యమ్మా" అంటుంది. ఫ్యామిలీ ఫోటోలోంచి ఆ పిల్లను అంత మర్యాదగా తప్పిస్తుందన్నమాట. తర్వాతి సీన్లో మేనత్త చస్తుంది. నిమిషంన్నర సేపు చస్తుంది. చివరికి ఆ ఇంట్లో ప్రాణాలతో మిగిలేది ఫోటో తీసిన పిల్లా, ఆ పెద్ద కూతురూ.

సెలవులకు పిల్లాజెల్లాతో వచ్చిన కుటుంబాలు ఇంటర్వెల్‌కే లేచిపోయాయి. కుటుంబంతో కలిసి కూర్చుని కుటుంబాన్ని నరికే సినిమా చూడాలని ఎవరు మాత్రం అనుకుంటారు? వారం తిరక్కుండా అన్ని హాళ్ళలోంచీ ఎత్తేశారు. నిర్మాత ఫోన్లెత్తడం మానేశాడు. దర్శకుడు సబ్బుల ప్రకటనలు తీసుకుంటూ బతికాడు.

పాత మార్కెట్ వెనక రెండువందల సీట్ల చిన్న హాలుంది. దాని యజమానురాలు గట్టి మనిషి. ఎవరూ ఆడించని సినిమాలు ఆడించడం ఆవిడకు సరదా. మరుసటి ఏడాది సెలవులకు ముందు ఆదివారం ఆ సినిమా ఒక్క ఆట వేసింది. గే కుర్రాళ్ళు పదిమంది వచ్చారు. ఆ తర్వాతి ఏడాది హాలు నిండింది. మగజంటలు, ఆడజంటలు, జంట లేనివాళ్ళు, జంట ఉందని చెప్పుకోలేనివాళ్ళు. రెండు రోజుల్లో అందరూ సొంత ఇళ్ళకు వెళ్ళాలి. మూడు రోజులు నోరు మూసుకుని కూర్చుని, 'రూమ్మేట్ బాగున్నాడా' అంటే 'బాగున్నాడు' అని చెప్పి రావాలి. దానికి ముందు టీకా వేయించుకున్నట్టు వచ్చి ఈ సినిమా చూసేవాళ్ళు. మొహాలకు రంగుకాగితం చుట్టుకొచ్చేవాళ్ళు. మేనత్త మాట వచ్చేసరికి రెండువందల గొంతులు ఒక్కసారిగా అదే మాట అనేవి. ఆవిడ చస్తుంటే కుర్చీలు ఎక్కేవాళ్ళు.

ఈ సంగతి దర్శకుడికి తెలిసి, తాను మొదటినుంచీ వాళ్ళ కోసమే తీశానని పత్రికల వాళ్ళకు చెప్పాడు. సినిమా తీస్తున్నప్పుడు, ఆ పిల్లలిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే షాటుని 'జనం ఊరుకోరు' అని కోసి పారేసినవాడు ఇతనే. ఆ చెయ్యి పట్టుకున్న చప్పుడు చేసింది మాస్టారు. షాటు పోయింది, గాజుల చప్పుడు మాత్రం ఇప్పటికీ సినిమాలో మిగిలిపోయింది. దర్శకుడి పేరెత్తితే మాస్టారు చేదు తగిలినట్టు మూతి తుడుచుకుంటాడు.

మాస్టారికి అక్కను రానివ్వకూడదని ఎందుకంత పట్టుదలంటే, ఆ మేనత్త మాట అక్కది.

రికార్డింగ్ నాడు మాస్టారు ఆకుకూర కాడల కట్ట మెలిపెట్టి మేనత్త మెడ విరిచే చప్పుడు చేస్తున్నాడు. మేనత్త చావు బాగానే ఉంది గానీ ఈ ఆడమనిషిని ఎందుకు చంపాలో జనానికి తెలియడం లేదని దర్శకుడు తల పట్టుకున్నాడు. "ఏదో ఒక్క మాట కావాలండీ. తిట్టు కాదు, కొట్టడం కాదు, కానీ వింటే ఒళ్ళు మండాలి." మాస్టారు చేతిలో కాడలు పక్కన పెట్టకుండానే ఆ మాట చెప్పాడు. ప్రతి ఏడాదీ సెలవుల్లో అక్కవాళ్ళింట్లో కుటుంబమంతా మెట్ల మీద వరసగా నిలబడ్డాక అక్క అనే మాట. ఆ మాట పడేది మాస్టారితో పదకొండేళ్ళుగా కాపురం ఉంటున్న మనిషికి. ఆయన కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. యాభై రెండేళ్ళవాడు. అక్కవాళ్ళింట్లో ఆయన 'తమ్ముడి రూమ్మేట్'. ఈ వయసులో రూమ్మేట్లేమిటని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అడగకుండా ఉండడంలో వాళ్ళకు మంచి శిక్షణ ఉంది. రాత్రికి మాస్టారికి ముందు గదిలో దివాను, కళ్ళజోళ్ళాయనకు మెట్ల కింద సూట్‌కేసుల మధ్య మడత మంచం. ఆయన పదకొండు ఫోటోలు తీశాడు. ఒక్కదాంట్లోనూ లేడు.

ఆదివారం అక్క మంచి చీర కట్టుకుని, చేతిసంచి గుండెలకు హత్తుకుని బస్సు దిగింది. ఆ సంచిలో కళ్ళజోళ్ళాయన పోయిన వారం చేసిపెట్టిన కొత్త జోడు ఉంది. హాలు గుమ్మం దగ్గర రంగుకాగితాల మొహాలు చూసి ఒక్క క్షణం ఆగి, జోడు తీసి పెట్టుకుంది.

"అందరూ మగాళ్ళే వచ్చారేంట్రా?"

"ఆడవాళ్ళు వెనక వరసల్లో ఉన్నారు. జంటలు జంటలుగా," అన్నాడు మాస్టారు.

అక్క వెనక్కి తిరిగి చూసింది. వెళ్ళి తమ్ముడికీ కళ్ళజోళ్ళాయనకీ మధ్య కూర్చుంది. వాళ్ళెక్కడ కూర్చున్నా మధ్య కుర్చీ ఆవిడదే.

బాబాయి పోయినప్పుడు ఆవిడ జడుసుకుని కళ్ళజోళ్ళాయన చెయ్యి పట్టుకుంది. చుట్టూ జనం నవ్వుతుంటే ఆవిడకు అర్థం కాలేదు. మేనత్త కెమెరా చేతికి తీసుకునేసరికి హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. మాస్టారు కుర్చీలో కిందికి జారాడు. రెండువందల మంది ఒకే గొంతుతో అన్నారు: "నువ్వు బాగా తీస్తావుగా, నువ్వే తియ్యమ్మా."

అక్క నవ్వింది. మొదట మూతికి చెంగు అడ్డం పెట్టుకుని, తర్వాత చెంగు వదిలేసి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తమ్ముడి మోకాలి మీద చరిచి, "అచ్చం మీ బావ చెల్లెలేరా. అదే నవ్వు, అదే వంకర మాట. ఎవడు రాశాడో గానీ దాన్ని దగ్గర్నించి చూసే రాశాడు," అంది. మేనత్త చస్తుంటే పక్కవాళ్ళతో పాటు చప్పట్లు కొట్టింది. మాస్టారు చీకట్లో తల తిప్పి అక్క మొహం చూశాడు. ఆ మొహంలో ఎక్కడా ఏ అనుమానమూ లేదు. తన చావు చూస్తూ ఇంత హాయిగా నవ్వగల మనిషిని ఏ హంతకుడు మాత్రం ఏం చేయగలడు అనుకున్నాడు.

సినిమా అయ్యాక యజమానురాలు మాస్టారిని స్టేజీ మీదికి పిలిచింది. మెడ విరిగే చప్పుడు ఎలా చేశారని అడిగారు. చెప్పాడు. మేనత్తకు పడ్డ కత్తిపోట్లకు ఏం వాడారని అడిగారు. క్యాబేజీలని చెప్పాడు. ఆ మాట ఎవరిదని వెనక వరసలోంచి ఒకామె అడిగింది. రెండో వరసలో అక్క కొత్త కళ్ళజోడులోంచి మెరిసే కళ్ళతో చూస్తోంది. హీరోల మొహం మీద అన్నేసి మాటలన్న నోరు ఆ ఒక్క క్షణం తడబడింది.

"ఏమో అండీ. ఎవరో అంటుంటే విన్నాం," అన్నాడు. స్టేజీ దిగుతూ తనను తాను బండబూతులు తిట్టుకున్నాడు.

బయట వరండాలో జనం మాస్టారితో ఫోటో దిగుతామని మూగారు. మేనత్త వేషం కట్టిన ఆరడుగుల మనిషొకడు, ఎర్ర స్వెటరు, తెల్ల విగ్గు, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అక్క గుంపును రెండు చేతులతో విడదీసుకుని వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది. కొంగు సర్దుకుంది. ఫోను తీసి ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళాయనకు అందించింది.

"నువ్వు బాగా తీస్తావుగా, నువ్వే తియ్యి నాయనా."

వరండా పైకప్పు లేచిపోయేలా నవ్వులు, చప్పట్లు. ఆవిడ కావాలనే అందనుకున్నారు. ఎర్ర స్వెటరు మనిషి వంగి ఆవిడ చెయ్యి పట్టుకుని, "మాకంటే మీరే బాగా అన్నారమ్మా" అన్నాడు. ఎందుకు మెచ్చుకుంటున్నారో తెలియకపోయినా అక్క మొహం వెలిగిపోయింది. మెచ్చుకోలు ఎందుకొచ్చిందని ఆరా తీసే అలవాటు ఆవిడకు ఎప్పుడూ లేదు.

కళ్ళజోళ్ళాయన నవ్వలేదు. ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. వచ్చి దాన్ని తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టాడు.

"ఇవాళ మీరు తియ్యండి అక్కగారూ. కొత్త జోడు కదా, మీకే బాగా కనిపిస్తుంది."

అని, అక్క ఫోనుతో ఓ అడుగు ముందుకు రాగానే, ఆవిడ ఖాళీ చేసిన చోట మాస్టారి పక్కన నిలబడ్డాడు. ఇంతమందిలో కాదనలేక అక్క వాళ్ళ వైపు తిరిగి, రెండడుగులు వెనక్కి వేసి ఫోటో తీసింది. అందులో ఎర్ర స్వెటరు మనిషి తల తెగిపోయింది. మిగతావాళ్ళు బాగానే పడ్డారు.

హాలుకి ఎదురుగా టీ కొట్టుంది. ముగ్గురూ మూల బల్ల దగ్గర కూర్చున్నారు. మాస్టారే మొదలుపెట్టాడు.

"ఆ హాల్లో వాళ్ళంతా ఎవరో నీకు తెలుసా అక్కా?"

"ముప్పై ఆరేళ్ళు బళ్ళో పనిచేశాను. ఎవరు ఎవరి పక్కన ఎందుకు కూర్చుంటారో నాకు తెలీదా?"

"మరి నా సంగతి?"

అక్క కప్పు కింద పెట్టింది. "అదీ తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఈయన మొదటిసారి మనింటికొచ్చినప్పుడు నీ కంచంలోంచి అడక్కుండా తీసుకు తిన్నాడు. నువ్వు చూసి కూడా ఊరుకున్నావు. నీ నాలుగో ఏట నీ గిన్నెలో చెయ్యి పెట్టానని నన్ను రక్తమొచ్చేలా కొరికావు. నీ కంచంలో చెయ్యి పెట్టనిచ్చావంటే ఇంకేం తెలియాలి?"

మాస్టారు ఆవిడ వంక నోరు తెరుచుకుని చూశాడు. కోపం రావడానికి కాస్త టైం పట్టింది. వచ్చాక మాత్రం గట్టిగానే వచ్చింది.

"తెలిసే మెట్ల కింద పడుకోబెట్టావా? పదకొండేళ్ళు?"

"నాకు తెలియడం వేరు, ఇంట్లో తెలియడం వేరు."

"ఇంట్లో అంటే ఎవరు? బావా?"

"ఆయనకి నా పుట్టినరోజే తెలీదు. ఇదేం తెలుస్తుంది?"

"మరెవరు?"

"అందరూ," అంది అక్క. ఆ అందరూ ఎవరో చెప్పమంటే చెప్పలేకపోయింది.

"సరే, ఇంకోటి విను. ఆ మేనత్త మాట బావ చెల్లెలిది కాదు. నీది. నేనే చెప్పి రాయించాను."

"నాదెలా అవుతుందిరా?" అని అక్క కళ్ళజోళ్ళాయన వైపు తిరిగింది, సాక్ష్యం చెప్పమన్నట్టు.

"మీదేనండి," అన్నాడాయన మెల్లగా. "ఇవాల్టితో పన్నెండోసారి విన్నాను."

అక్క కళ్ళజోడు తీసింది. చెంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకోలేదు.

"అంటే ఆ చచ్చింది నేనా? తోడబుట్టినదాన్ని చంపించావా?"

"మూడు క్యాబేజీలు పట్టాయి," అన్నాడు మాస్టారు. "పదహారు హాళ్ళలో వేశారు. ఎవరూ చూళ్ళేదు, కంగారు పడకు."

తమ్ముడి ఎకసెక్కాలు ఆవిడకు కొత్త కాదు. కానీ ఈసారి తిట్టలేదు. చేతిసంచి తీసుకుని లేచింది. కళ్ళజోళ్ళాయన కూడా లేచి, "అక్కగారూ, ఈ సెలవులకి నేను రావట్లేదు. ముందే చెప్పడం మంచిది కదా," అన్నాడు.

"నువ్వు?" అంది అక్క తమ్ముణ్ణి.

"నేనూ రాను."

ఆవిడ ఒక్కతే రోడ్డు దాటి బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికినా ఇటు చూడలేదు.

ఆ సెలవులు వాళ్ళిద్దరూ ఇంట్లోనే గడిపారు. మొదటి రోజు హాయిగా ఉంది. రెండో రోజుకి కళ్ళజోళ్ళాయన దిగాలుగా కిటికీ దగ్గర చేరాడు. మూడో రోజు ఇద్దరూ బీరువాలో ఎవరి బట్టలు ఎక్కువ చోటు తింటున్నాయని పోట్లాడుకున్నారు. అక్క దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. అయినా ఫోన్ మోగినప్పుడల్లా మాస్టారు గబుక్కున తీసి, స్టూడియో వాళ్ళయితే కసురుకున్నాడు.

మూడు వారాలయ్యాక ఒక మధ్యాహ్నం అక్క కళ్ళజోళ్ళ షాపుకి వచ్చింది. జోడు ముక్కు మీంచి జారిపోతోందంది. కళ్ళజోళ్ళాయన ఆవిణ్ణి అద్దం ముందు కూర్చోబెట్టి, చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని పనిలో పడ్డాడు. జోడు లేకపోతే ఆవిడకు ఎదుటి మనిషి మొహం ఆనదు. ఆ ధైర్యంతోనే కాబోలు, చెప్పదల్చుకున్నది చెప్పేసింది.

"సెలవులకి అందరూ వచ్చారు. నువ్వూ వాడూ ఎందుకు రాలేదని అడిగారు. ఇన్నాళ్ళూ నిన్ను మెట్ల కింద పడుకోబెట్టామని, ఇక మీరిద్దరూ వస్తే పై గదిలోనే ఉంటారని, అలాగైతేనే వస్తారని చెప్పేశాను."

ఆయన స్క్రూ బిగించడం ఆపాడు. "ఏమన్నారు?"

"మీ బావగారు 'నాకెప్పుడో తెలుసు' అన్నారు. నా పుట్టినరోజు తెలీదు గానీ ఇది తెలుసట. ఆయన చెల్లెలు 'మాకూ తెలుసు వదినా, నువ్వు బాధపడతావని ఊరుకున్నాం' అంది. పిల్లలు నవ్వుకున్నారు. నాకు తెలుసని ఎవరికీ తెలీదు, వాళ్ళకి తెలుసని నాకు తెలీదు." ఆవిడ ఒళ్ళో సంచి సర్దుకుంది. "సిగ్గేసింది నాయనా."

ఆయన జోడు తుడిచి, తన చేత్తోనే ఆవిడ చెవులకు తగిలించాడు. అక్క కళ్ళు చిట్లించి ఆయన మొహం చూసింది, ముక్కు మీద జోడు సరిగ్గా కూర్చుందంది, వెళ్ళిపోయింది.

సాయంత్రం ఈ సంగతి చెబితే మాస్టారు సంతోషించలేదు సరికదా, మండిపడ్డాడు. "అంటే ఇంటిల్లిపాదికీ తెలిసే పడుకోబెట్టారన్నమాట. తెలీక చేశారని ఇన్నాళ్ళూ సర్దుకున్నాను. ఒకళ్ళ పరువు ఒకళ్ళు కాపాడుకోడానికి నిన్ను సూట్‌కేసుల పక్కన పడేశారు. వెధవ మర్యాదలు. ఆ సినిమాలో వాళ్ళే నయం, త్వరగా చచ్చారు."

"నా నడుం నొప్పి గురించి నాకు లేని కోపం నీకెందుకు?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"నీకు లేదు కాబట్టే నాకు."

"నాకు లేదని ఎవరన్నారు? ఉంది. కానీ ఆవిడ ఒక్కతే బస్సెక్కి వచ్చి చెప్పింది. మీ ఇంట్లో అంతమంది మగాళ్ళున్నారు, ఒక్కడు నోరు విప్పాడా? స్టేజీ మీద నువ్వు విప్పావా?"

మాస్టారు వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు కావలసినదానికంటే గట్టిగా సర్దాడు.

మరుసటి నెలలో ఒక మామూలు ఆదివారం ఇద్దరూ అక్కవాళ్ళింటికి వెళ్ళారు. పండగా కాదు, సెలవూ కాదు. బావ పేపరు దించి, "రండి" అన్నాడు, మళ్ళీ పేపరెత్తాడు. ఆయన జన్మలో అదే పెద్ద ప్రసంగం. పై గదికి కొత్తగా సున్నం వేయించారు. రెండు దిళ్ళున్నాయి. మాస్టారు ఆ గదంతా కలియజూసి, సున్నం సరిగ్గా వెయ్యలేదని, కిటికీ కిర్రుమంటోందని, పరుపులో దూది ఉండలు కట్టిందని వంకలు పెట్టాడు. కళ్ళజోళ్ళాయన పరుపు మీద వెల్లకిలా పడుకుని విన్నాడు. రెండో వంక సగంలో ఉండగానే నిద్రపోయాడు.

మాస్టారు ఒక్కడే కిందికి దిగాడు. అక్క వంటగదిలో పొయ్యి దగ్గరుంది.

"ఇలా ఒక గదిచ్చి సరిపెట్టేద్దామనుకోకు," అన్నాడు. "నేనింకా నిన్ను క్షమించలేదు."

"నిన్నెవడు అడిగాడురా?" అంది అక్క వెనక్కి తిరగకుండానే. "వెళ్ళి ఆయన్ని లేపు. చల్లారిపోతోంది."